ఊరికే వచ్చే మెయిలు, ఊరికే వచ్చే యాంటీవైరస్

కొత్త కంప్యూటర్ కొన్న ప్రతివాడూ దగ్గర్లో ఉన్న సాఫ్ట్‌వేర్ వాణ్ణి పట్టుకుని రెండు ప్రశ్నలడుగుతాడు. ఏ మెయిల్ ఐడీ పెట్టుకోమంటావు? ఏ యాంటీవైరస్ వేసుకోమంటావు? రెండిటికీ చివర్న ఒక తోక ఉంటుంది: "ఫ్రీది చెప్పన్నా!" హన్మకొండ చౌరస్తాలో అడిగినా, న్యూజెర్సీ నుంచి ఫోన్ చేసి అడిగినా ఈ తోక మాత్రం మారదు. మనం జావా రాస్తామో, మెయిన్‌ఫ్రేమ్ కాపలా కాస్తామో, టెస్టింగ్ చేస్తామో చుట్టాలకి అనవసరం. వాళ్ళ లెక్కలో మనందరం కంప్యూటర్ రిపేర్ వాళ్ళమే :)

ఇరవై, పాతికేళ్ళుగా ప్రశ్న అదే. జవాబు మాత్రం ఐదారేళ్ళకోసారి మారుతూ వచ్చింది. అలా ఎందుకు మారిందన్నదే ఇక్కడ నేను చెప్పబోయే కథ. దీన్ని వరంగల్ వైపు నుంచి చెప్తాను. కారణం ఏమిటంటే, మనం చదివిన రివ్యూలన్నీ ఎక్కడో అమెరికాలోనో జర్మనీలోనో ఒక ఇంట్లో ఉన్న కంప్యూటర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. వరంగల్‌లో నెట్టు వేరు, కరెంటు వేరు, విండోస్ కూడా వేరు (అదెలా వేరో తర్వాత వస్తుంది), ఆఖరికి వైరస్ ఇంట్లోకొచ్చే దారి కూడా వేరు. వాళ్ళ రివ్యూలో మొదటి మార్కు కొట్టింది మన దగ్గర పనికిరాకుండా పోయిన సందర్భాలున్నాయి.

వరంగల్ కంప్యూటర్లకి మరీ కొత్త ఊరేం కాదు. దేశంలోని రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీల్లో మొదటిది ఇక్కడే వచ్చింది. 1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. అదే 2002లో ఎన్ఐటీ అయింది. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. జిల్లా కేంద్రాలన్నిటినీ ఉపగ్రహం ద్వారా కలిపిన నిక్‌నెట్ పుణ్యమా అని, మామూలు జనం ఈమెయిల్ అన్న మాట వినకముందే కలెక్టరేట్లకి డేటా లైన్లు ఉన్నాయి. అయితే అవన్నీ గేటు లోపలి వ్యవహారాలు. బయటివాడికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ తెరిచిన రోజు నుంచే మొదలు. అదీ ముందు ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల్లో మాత్రమే. మన దాకా రావడానికి ఇంకొంత కాలం పట్టింది.

ఆ రోజుల్లో మెయిల్ ఐడీ అంటే కనెక్షన్‌తో పాటు వచ్చే వస్తువు. టెలిఫోన్ నంబర్ లాంటిదన్నమాట. కనెక్షన్ ఎవరిదో ఐడీ వాళ్ళది. కనెక్షన్ తీసేస్తే ఐడీ పోతుంది. కాబట్టి ఇంట్లో ఫోనూ, మోడెమూ, కంప్యూటరూ లేని విద్యార్థికి ఈమెయిల్ ఉండే అవకాశమే లేదు. ఉంటే గింటే ఏ ప్రొఫెసర్ గారి ఐడీకో ఉత్తరం తెప్పించుకుని, ఆయన ప్రింటు తీసిస్తే చదువుకోవాలి.

ఈ ముడిని తెంపింది హాట్‌మెయిల్. బెంగళూరులో పెరిగి, బిట్స్ పిలానీలో కొన్నాళ్ళు చదివి అమెరికా వెళ్ళిన సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనే సహోద్యోగితో కలిసి 1996 జూలై 4న దాన్ని మొదలుపెట్టాడు. అమెరికా స్వాతంత్ర్య దినం రోజున పెట్టడం కావాలని చేసిన పనే. ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ నుంచి నీ మెయిల్‌కి విముక్తి అని అర్థం. బ్రౌజర్ ఉన్న ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా నీ ఉత్తరాలు నీకు కనిపిస్తాయి. సొంత కంప్యూటర్ అక్కర్లేదు. పంపిన ప్రతి ఉత్తరం అడుగునా 'నువ్వు కూడా ఉచితంగా తెరుచుకో' అని ఒక లైను తగిలించడంతో అది అంటువ్యాధిలా పాకింది. 1997 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ దాన్ని దాదాపు 40 కోట్ల డాలర్లకి కొంది. (ఇక్కడో పిట్టకథ. కొన్న తర్వాత కూడా హాట్‌మెయిల్ చాలాకాలం ఫ్రీబీఎస్‌డీ, సొలారిస్ మీదే నడిచింది. విండోస్ అమ్మే కంపెనీకి తన మెయిల్ సర్వర్లని విండోస్ మీదకి మార్చడానికి 2000 దాకా పట్టింది. మైగ్రేషన్ ప్రాజెక్టుల్లో నలిగినవాళ్ళకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదనుకోండి.)

అమెరికాలో హాట్‌మెయిల్ ఒక సదుపాయం. మనకి అది ఏకైక మార్గం. ఈ తేడా ముఖ్యం. హన్మకొండలో, కాజీపేటలో నెట్ సెంటర్లు వెలిసిన తర్వాత ఇంజనీరింగ్ పిల్లలు గంట లెక్కన డబ్బులిచ్చి కూర్చుని చేసిన మొదటి పని ఐడీ తెరవడమే. అమెరికా యూనివర్సిటీల నుంచి అడ్మిషన్ కబురు రావాలన్నా, ప్రొఫెసర్‌కి అసిస్టెంట్‌షిప్ కోసం రాయాలన్నా, బాడీ షాపింగ్ కన్సల్టెంట్‌కి రెజ్యూమె పంపాలన్నా అదే దారి. వైటూకే రోజుల్లో మన వాళ్ళు అట్లాంటిక్ దాటిన కథలో విమానం టికెట్‌కి ఎంత పాత్ర ఉందో ఈ ఊరికే వచ్చిన మెయిల్‌కి అంత పాత్ర ఉంది. దీని గురించి మాత్రం ఎవరూ రాయరు.

అయితే ఆ ఉచితం ఎంత ఇరుకైనదో గుర్తు చేసుకోండి. హాట్‌మెయిల్ డబ్బా 2 ఎంబీ. ఒక ఫ్లాపీ 1.44 ఎంబీ. అంటే మన జీవితమంతా రెండు ఫ్లాపీలు కూడా నిండదు. ఒక మిత్రుడు అమెరికాలో మంచులో దిగిన ఫోటోలు నాలుగు పంపాడంటే చాలు, తర్వాతొచ్చే ఉత్తరాలన్నీ వెనక్కి పోయేవి. అంతకంటే ఘోరం ఇంకోటుంది. 30 రోజులు లాగిన్ కాకపోతే డబ్బాలో ఉన్నదంతా తుడిచేసేవారు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవాడికి ఇదొక లెక్క కాదు. సెమిస్టర్ పరీక్షలకని నెల రోజులు నెట్ సెంటర్ మొహం చూడనివాడికి, సెలవులకి ఏ ములుగుకో భూపాలపల్లికో వెళ్ళినవాడికి అది పెద్ద దెబ్బ. అందుకే మన పిల్లలు ఒక ఐడీతో ఆగేవారు కాదు. హాట్‌మెయిల్‌లో ఒకటి, యాహూలో ఒకటి, రిడిఫ్‌లో ఒకటి. బ్యాకప్ అన్న మాట పాఠంలో రాకముందే ఆచరణలో ఉందన్నమాట.

మధ్యలో మన తెలుగువాళ్ళ అధ్యాయం కూడా ఒకటుంది. 1998 నవంబర్‌లో ప్రైవేటు కంపెనీలు ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వొచ్చని ప్రభుత్వం గేట్లెత్తగానే, మొదట రంగంలోకి దిగింది హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే. 1999 అక్టోబర్‌లో నాస్‌డాక్‌కెక్కింది. తర్వాత సిఫీ అని పేరు మార్చుకుంది. వాళ్ళదీ ఒక మెయిల్ ఉండేది. ఆ ఐడీ మీద రెజ్యూమెలు పంపినవాళ్ళు ఇప్పటికీ మనలో కొందరుంటారు. కానీ అది నిలబడలేదు. మెయిల్ అనేది కనెక్షన్ అమ్మేవాడి చేతిలోంచి జారి, ప్రకటనలు అమ్మేవాడి చేతిలోకి వెళ్ళిపోయింది. నా ఉద్దేశంలో ఈ కథలో అసలు మలుపు అదే. జీమెయిల్ రావడం దాని తర్వాతి మెట్టు మాత్రమే.

జీమెయిల్ 2004 ఏప్రిల్ 1న వచ్చింది. 1 జీబీ అన్నారు. తేదీ చూసి ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు జనం. 2 ఎంబీ, 4 ఎంబీ ఇచ్చే రోజుల్లో వెయ్యి ఎంబీ అంటే ఎవడు నమ్ముతాడు? పైగా ఆహ్వానం ఉంటేనే ప్రవేశం. ఇన్విటేషన్ కోసం కొలీగ్స్‌ని బతిమాలుకోవడం, ఈబేలో వాటిని వేలం వెయ్యడం అప్పటి ముచ్చట్లు. కొన్ని నెలల్లోనే యాహూ 100 ఎంబీకి, హాట్‌మెయిల్ 250 ఎంబీకి పెరిగాయి. 2007 ఫిబ్రవరిలో జీమెయిల్ తలుపులు అందరికీ తెరిచారు. ఆ తర్వాత మిగతా వాటికి కోలుకునే అవకాశం రాలేదు.

స్థలం కంటే ముఖ్యమైన కారణం ఒకటి మన వాళ్ళకుంది. తెలుగు. 90లలో అమెరికాలోని తెలుగువాళ్ళు రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. తర్వాత యూనికోడ్ వచ్చింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. దేశికాచార్యులు గారి పోతన 2000, వేమన 2000 ఫాంట్లు ఉచితంగా వచ్చాయి. (పోతన మా బమ్మెరవాడు కాబట్టి ఆ ఫాంటు మీద వరంగల్‌కి కాస్త హక్కుంది. ఒంటిమిట్ట వాళ్ళు ఒప్పుకోరు, అది వేరే గొడవ. 2016లో జిల్లాలు చీల్చాక బమ్మెర జనగామ జిల్లాలోకి పోయింది కూడా.) ఫాంటున్నా మెయిల్ ఒప్పుకోవాలిగా! యాహూ పేజీలో తెలుగు ఉత్తరం తెరిస్తే ప్రశ్నార్థకాల వరస కనిపించేది. బ్రౌజర్ మెనూలోకి వెళ్ళి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8కి మారిస్తే సరిపోయేది ఒక్కోసారి, సరిపోయేది కాదు ఇంకోసారి. అమ్మకి తెలుగులో ఉత్తరం రాస్తే ఆవిడకి ప్రశ్నలే అందేవి. జీమెయిల్‌లో ఈ బాధ చాలా మటుకు తీరింది. 2009 మార్చిలో మెయిల్ రాసే చోటే ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడే సదుపాయం పెట్టారు. ఈమెయిల్‌ని 'వేగు' అని పిలుద్దామని ముచ్చటపడిన భాషాభిమానులు కూడా ఆ వేగుని జీమెయిల్‌లోనే పంపుకున్నారు.

సరే, ఇక యాంటీవైరస్ దగ్గరికొద్దాం. ఇది ఇంకా రంజైన కథ.

పీసీ వైరస్‌లలో మొదటిదిగా చెప్పుకునే 'బ్రెయిన్' 1986లో లాహోర్‌లో పుట్టింది. రాసిన అన్నదమ్ములు అందులో తమ షాపు పేరు, అడ్రసు, ఫోన్ నంబర్ కూడా పెట్టారు. అంత మర్యాదస్తులైన వైరస్ రచయితలు మళ్ళీ రాలేదు. రెండేళ్ళ తర్వాత 1988లో, కమ్యూనిస్టు చెకోస్లొవాకియాలో ప్రాగ్ నగరంలో పావెల్ బౌదిష్ అనే పరిశోధకుడి చేతికి 'వియన్నా' వైరస్ ఉన్న ఫ్లాపీ దొరికింది. దాన్ని తీసెయ్యడానికి ఆయన రాసిన ప్రోగ్రామే పెరిగి అవాస్ట్ అయింది. అదే దేశంలో బ్ర్నో ఊళ్ళో 1991లో గ్రిసాఫ్ట్ అన్న కంపెనీ ఏవీజీ మొదలుపెట్టింది. జర్మనీలో టెట్‌నాంగ్ అనే చిన్న ఊళ్ళో యాంటీవిర్ పుట్టింది. ఎర్ర గొడుగు బొమ్మది. తర్వాత అవీరా అయింది. మన దగ్గర పుణేలో కాట్కర్ సోదరుల క్విక్ హీల్, చెన్నైలో కే7 వచ్చాయి. ఇవి మాత్రం డబ్బులకి.

ఆ మూడు యూరప్ కంపెనీలూ ఇళ్ళల్లో వాడుకునేవాళ్ళకి ఫ్రీగా ఎందుకిచ్చాయి? దానధర్మం కాదు. అమెరికా మార్కెట్లో నార్టన్, మెకాఫీ కొత్త కంప్యూటర్ల మీద ముందే ఎక్కి కూర్చున్నాయి. వాటితో ప్రకటనల్లో పోటీ పడే డబ్బు వీళ్ళ దగ్గర లేదు. కాబట్టి ఇంట్లో ఉచితం, ఆఫీసుకి డబ్బులు. ఇంట్లో అలవాటైనవాడు ఆఫీసులో కొనిపిస్తాడని ఒక లెక్క. కోట్ల ఇళ్ళల్లో ఉంటే కొత్త వైరస్ ఎక్కడ పుట్టినా ముందు మనకే తెలుస్తుందని ఇంకో లెక్క. రెండూ న్యాయమైన లెక్కలే. మూడో లెక్క ఒకటి తర్వాత వచ్చింది. దాని సంగతి కింద చెప్తాను.

ఇప్పుడు వరంగల్ కంప్యూటర్ చూద్దాం. 2000 తర్వాత ఇంటికి కంప్యూటర్ కొనాలంటే మన వాళ్ళు చేసే పని పొద్దున్నే బండెక్కి సికింద్రాబాద్ వెళ్ళడం. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ. షాపు షాపూ తిరిగి బేరమాడి, బోర్డు ఒకచోట, ర్యామ్ ఇంకోచోట కొని, బిగించిన డబ్బాని ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం బండికి తిరిగి రావడం. "అన్నా, అన్ని ఏసిచ్చిన. మీకేం ఫికర్ లేదు" అనేవాడు బిగించినవాడు. ఆ 'అన్నీ'లో ఎక్స్‌పీ ఉండేది, ఆఫీస్ ఉండేది, ఒకోసారి ఫోటోషాప్ కూడా ఉండేది. వేటికీ బిల్లు ఉండేది కాదు. విండోస్ వేరు అని ముందు అన్నది ఇందుకే.

దీని ఫలితం ఏమిటి? దొంగ కాపీ అని బయటపడుతుందేమో అన్న భయంతో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపేసేవారు. నిజానికి 2005లో మైక్రోసాఫ్ట్ జెన్యూన్ తనిఖీ పెట్టినప్పుడు కూడా ముఖ్యమైన సెక్యూరిటీ ప్యాచ్‌లు అందరికీ ఇస్తూనే ఉంది. ఆ సంగతి పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 2003 ఆగస్టు 11న బ్లాస్టర్ వచ్చింది. అది ఆపే ప్యాచ్ జూలైలోనే విడుదలైంది. ప్యాచ్ లేని ఎక్స్‌పీ నెట్‌కి తగిలించగానే 60 సెకన్లలో రీస్టార్ట్ అవుతానని డబ్బా చూపించి లెక్కపెట్టడం మొదలెట్టేది. మెయిల్ తెరవనక్కర్లేదు, ఏదీ క్లిక్ చెయ్యనక్కర్లేదు. ఇక్కడ ఏ యాంటీవైరస్ అయినా రెండో వరస కాపలాయే. మొదటిది ప్యాచ్.

ఇక ప్యాచ్‌ల పరిమాణం. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 పూర్తి ఫైలు 266 ఎంబీ. డయలప్ మీద సెకనుకి 5 కేబీ వస్తుందనుకుంటే (రావడం గొప్పే) దాదాపు 15 గంటలు. మధ్యలో లైను తెగకూడదు, కరెంటు పోకూడదు, ఇంట్లో వాళ్ళు ఫోన్ ఎత్తకూడదు. వేసవిలో వరంగల్‌లో ఈ మూడూ కలిసిరావడం అంటే గ్రహణం పట్టినంత అరుదు. అందుకే అప్పట్లో డిజిట్, చిప్ లాంటి పత్రికలతో వచ్చే సీడీలకి అంత గిరాకీ. తెలుగులో 'కంప్యూటర్ ఎరా' చదివి ఇవన్నీ నేర్చుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. 2005లో బీఎస్ఎన్ఎల్ డేటావన్ వచ్చాక 256 కేబీపీఎస్ అందింది కానీ, 250 రూపాయల ప్లానులో నెలకి 400 ఎంబీ మాత్రమే. యాంటీవైరస్ రోజుకి ఒకటిన్నర ఎంబీ దింపుకుందనుకుంటే నెలకి 45. అంటే తొమ్మిదో వంతు కాపలావాడి జీతం కింద పోయినట్టే.

కాబట్టి 2006 ప్రాంతంలో హన్మకొండలో ఫ్రీ యాంటీవైరస్ ఎంచుకోవాలంటే చూడాల్సింది ల్యాబ్‌లో ఎన్ని వైరస్‌లు పట్టుకుందన్నది కాదు. అప్‌డేట్ ఎంత చిన్నగా వస్తుంది? 128 ఎంబీ ర్యామ్‌లో ఊపిరాడుతుందా? ఆ లెక్కన చూస్తే యాంటీవిర్ పట్టుకోవడంలో గట్టిది, కానీ అప్‌డేట్ అయినప్పుడల్లా పెద్ద ప్రకటన తెరనిండా పరిచేది. ఫ్రీ దాంట్లో మెయిల్ తనిఖీ కూడా ఉండేది కాదు. ఏవీజీ తేలిక. మనం పంపే ప్రతి ఉత్తరం అడుగునా 'తనిఖీ చేశాను' అని తన పేరు రాసుకునేది. అవాస్ట్‌కి ఈమెయిల్ ఇచ్చి రిజిస్టర్ చేసుకుంటే 14 నెలల తాళం పంపేవారు. వైరస్ డేటాబేస్ అప్‌డేట్ అయిందని ఒక గొంతు అర్ధరాత్రి హఠాత్తుగా చెప్పేది. స్పీకర్లు ఆపకుండా పడుకున్న ఇళ్ళల్లో అది సృష్టించిన భయం వైరస్ కూడా సృష్టించి ఉండదు. మార్పులు మాత్రమే దింపుకునే పద్ధతి వల్ల నా ఓటు దానికే ఉండేది.

ఈ రివ్యూల్లో అప్పట్లో పెద్ద చర్చ మెయిల్ స్కానింగ్ మీద. 2000 మే 4న ఐ లవ్ యూ వైరస్ ఫిలిప్పీన్స్‌లో బయల్దేరి ప్రపంచాన్ని చుట్టేసింది కదా. ప్రేమలేఖ అనుకుని ఎటాచ్‌మెంట్ తెరిస్తే, అవుట్‌లుక్ అడ్రసు పుస్తకంలో ఉన్న అందరికీ తనని తానే పంపుకునేది. కానీ నెట్ సెంటర్లో బ్రౌజర్లో హాట్‌మెయిల్ చూసుకునేవాడికి అవుట్‌లుక్ ఏదీ? అడ్రసు పుస్తకం ఏదీ? పైగా హాట్‌మెయిల్ మెకాఫీతో, యాహూ నార్టన్‌తో ఎటాచ్‌మెంట్లని తమ వైపే తనిఖీ చేసేవి. ఫ్రీ మెయిల్ అంటేనే సగం యాంటీవైరస్ అన్నమాట. జీమెయిల్ ఇంకో అడుగు ముందుకేసి ఈఎక్స్ఈ ఫైళ్ళని, వాటిని జిప్‌లో దాచినా సరే, పంపనివ్వనే లేదు. మనం తిట్టుకుని ఎక్స్‌టెన్షన్ మార్చి పంపుకున్నాం, అది వేరే సంగతి.

మన అసలు శత్రువు పెన్‌డ్రైవ్. ప్రాజెక్ట్ రిపోర్టు ప్రింటు తీయడానికి జిరాక్స్ షాపులో పెడతాం. ఫోటోల కోసం స్టూడియోలో పెడతాం. కాలేజీ ల్యాబ్‌లో పెడతాం. రోజుకి వంద పెన్‌డ్రైవులు దూరే జిరాక్స్ షాపు కంప్యూటర్ అంటే గోదావరి పుష్కరాల రేవు లాంటిది. విండోస్‌లో ఆటోరన్ అని ఒక సదుపాయం ఉండేది. డ్రైవులో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అనే ఫైలుంటే, దాంట్లో రాసి ఉన్న ప్రోగ్రాం నడిచే ఏర్పాటు. సీడీల కోసం పెట్టిన ఆ సౌకర్యాన్ని వైరస్‌లు పెన్‌డ్రైవుల్లో వాడుకున్నాయి. ఫోల్డర్ బొమ్మ వేసుకున్న 'న్యూ ఫోల్డర్' ఈఎక్స్ఈ గుర్తుందా? 2007లో ఒకటి ఆర్కుట్ తెరిస్తే నిషేధమని వెక్కిరించేది, ఫైర్‌ఫాక్స్ తెరిస్తే మళ్ళీ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే పొమ్మని బెదిరించేది. అది మెయిల్‌లో రాలేదు, జేబులో వచ్చింది. దానికి హాస్టళ్ళలో కనిపెట్టిన విరుగుడు ఏ ల్యాబూ ఇచ్చింది కాదు. పెన్‌డ్రైవులో ఆటోరన్ డాట్ ఐఎన్ఎఫ్ అన్న పేరుతో ముందే ఒక ఖాళీ ఫోల్డర్ పెట్టేయడం. అదే పేరుతో ఫైలు సృష్టించలేక ఆనాటి వైరస్‌లు చాలా మటుకు చతికిలపడేవి. పైసా ఖర్చు లేదు, అప్‌డేట్ లేదు. చివరికి 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీ, విస్టాలలో పెన్‌డ్రైవులకి ఆ తలుపు మూసే అప్‌డేట్ పంపింది.

2009 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్ తనే ఒక ఫ్రీ యాంటీవైరస్ ఇచ్చింది, సెక్యూరిటీ ఎసెన్షియల్స్. కాకపోతే జెన్యూన్ విండోస్ ఉంటేనే. సీటీసీ డబ్బాలకి అందని ద్రాక్ష. 2012లో విండోస్ 8తో డిఫెండర్ విండోస్‌లోనే భాగమైపోయింది. ల్యాప్‌టాప్‌లు అసలు విండోస్‌తోనే రావడం మామూలైంది. అక్కడితో ఉచిత యాంటీవైరస్ కంపెనీలకి అసలు కష్టం మొదలైంది. ఇంట్లోనే కాపలావాడుంటే బయటివాణ్ణి ఎవరు పిలుస్తారు?

మూడో లెక్క అన్నానే, అది ఇక్కడ వస్తుంది. 2016లో అవాస్ట్ తన పాత పోటీదారు ఏవీజీని 130 కోట్ల డాలర్లకి కొంది. అవాస్ట్‌కి జంప్‌షాట్ అని ఒక పిల్ల కంపెనీ ఉండేది. యాంటీవైరస్, దాని బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ చూసిన మన బ్రౌజింగ్ వివరాలని అది కంపెనీలకి అమ్మేది. ఏ సైటుకి ఏ క్షణాన వెళ్ళారో, ఏం వెతికారో. 2020 జనవరిలో మదర్‌బోర్డ్, పీసీమ్యాగ్ పత్రికలు కలిసి ఇది బయటపెడితే రోజుల్లోనే జంప్‌షాట్ మూసేశారు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక కోటి 65 లక్షల డాలర్లు కట్టమంది, ప్రకటనల కోసం బ్రౌజింగ్ డేటా అమ్మకూడదని కట్టడి చేసింది. కాపలాకి పెట్టుకున్నవాడు ఇంటి గుట్టు అంగట్లో అమ్మాడన్నమాట. ఇది నాకు జీమెయిల్ ప్రకటనల కంటే చాలా పెద్ద తప్పుగా కనిపిస్తుంది. జీమెయిల్ ఉత్తరాలు చదివి ప్రకటనలు చూపిస్తానని మొదటి రోజే చెప్పింది. దాని మీద తగువులు నడిచాయి. 2017లో ప్రకటనల కోసం చదవడం ఆపేస్తున్నానని ప్రకటించింది. యాంటీవైరస్ అలా కాదు. దానికి సిస్టమ్ మొత్తం మీద అధికారం ఇస్తాం, అదీ భయంతో ఇస్తాం.

తర్వాత కథ చిన్నది. నార్టన్ 2021లో అవీరాని కొంది. 2022 సెప్టెంబర్‌లో అవాస్ట్‌ని కలుపుకుంది, ఆ తర్వాత జెన్ డిజిటల్ అని పేరు పెట్టుకుంది. నార్టన్‌కి పోటీగా పుట్టిన ముగ్గురు ఉచితం వాళ్ళూ నార్టన్ ఇంట్లోనే తేలారు. 2006లో మనం గంటలకొద్దీ వాదించుకున్న ఏవీజీనా, అవాస్టా, యాంటీవిరా అన్న ప్రశ్నకి ఇప్పుడు ఏది చెప్పినా డబ్బులు ఒకే గల్లాపెట్టెలోకి పోతాయి. ఆ మధ్యలో నార్టన్, అవీరాలలో క్రిప్టో మైనింగ్ కూడా పెట్టారు. నా బోటి పాతవాళ్ళకి, మన కంప్యూటర్లో ఎవరో మైనింగ్ చేస్తున్నారంటే దాన్ని వైరస్ అనే అనేవారు.

మెయిల్ వైపు కూడా పోగొట్టుకున్నది తక్కువేం కాదు. యాహూ 2013లో జరిగిన చోరీలో మొత్తం 300 కోట్ల ఖాతాలూ పోయాయని 2017లో గానీ ఒప్పుకోలేదు. 2019లో యాహూ గ్రూపుల్లో ఉన్నదంతా తీసేస్తున్నామని ప్రకటించి, 2020 డిసెంబర్‌లో గ్రూపులే మూసేసింది. తెలుగు సాహిత్యం మీద, ఛందస్సు మీద, ఫాంట్ల మీద ఏళ్ళ తరబడి జరిగిన చర్చలు అక్కడే ఉండేవి. ఎవరో శ్రద్ధగా దింపుకుని దాచినవి మిగిలాయి, మిగతావి లేవు. గూగుల్ కూడా రెండేళ్ళు తాకని ఖాతాలని 2023 డిసెంబర్ నుంచి తీసేయడం మొదలెట్టింది. హాట్‌మెయిల్ ముప్పై రోజుల గడువు రెండేళ్ళయిందంతే. చనిపోయిన నాన్న మెయిల్లో ఉన్న ఫోటోలకి ఆ గడువు వర్తిస్తుంది. గూగుల్ ఖాతాలో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒకటుంది. ఖాతా ఇన్ని నెలలు నిద్రపోతే లోపలున్నవి ఎవరికి ఇవ్వాలో ముందే రాసి పెట్టుకోవచ్చు. మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లో కూర్చుని అది పెట్టివ్వండి, పది నిమిషాల పని.

ఇప్పుడు జవాబు చెప్పమంటే, కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌కి డిఫెండర్ చాలు. దానితో పాటు వచ్చే ట్రయల్ యాంటీవైరస్ ఉంటే తీసెయ్యండి. గడువు ముగిశాక భయపెట్టడం తప్ప అది చేసేదేమీ లేదు. డబ్బులు పెట్టి కొన్న యాంటీవైరస్ మాత్రం తప్పులు చెయ్యదనుకోకండి. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ అప్‌డేట్ ఒకటి ఎక్స్‌పీలో విండోస్ సొంత ఫైలునే వైరస్ అనుకుని తీసేసింది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ 85 లక్షల విండోస్ మెషీన్లని పడుకోబెట్టింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసు ఫోటో దేశమంతా తిరిగింది. మెయిల్‌కి జీమెయిల్, అవుట్‌లుక్, జోహో ఏదైనా పర్లేదు. రెండంచెల లాగిన్ పెట్టుకోవాలి, రికవరీ నంబర్ పాత సిమ్‌ది కాకుండా చూసుకోవాలి. ఉద్యోగం ఇచ్చిన కంపెనీ ఐడీని బ్యాంకుకీ ఆధార్‌కీ ఇచ్చుకోవద్దు. వీఎస్ఎన్ఎల్ కనెక్షన్ లాగే అదీ మనది కాదు.

2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఆఫీసులు తెరిచాక, హైదరాబాద్ పోకుండా ఊళ్ళోనే ఐటీ ఉద్యోగం చేసే పిల్లలు వచ్చారు. వాళ్ళ ఇళ్ళల్లో ల్యాప్‌టాప్ గట్టిగానే ఉంటుంది. దెబ్బ తగిలేది నాన్న ఫోన్‌కి. ట్రాఫిక్ చలానా అని, పీఎం కిసాన్ అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కితే ఎస్ఎంఎస్‌లన్నీ అవతలివాడికి పోతాయి, ఓటీపీతో సహా. ఐ లవ్ యూ ఎటాచ్‌మెంట్‌కీ దీనికీ సూత్రంలో తేడా లేదు. ఫోన్ సెట్టింగుల్లో 'తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్' అనే అనుమతి వాట్సాప్‌కీ బ్రౌజర్‌కీ తీసేసి ఉందో లేదో చూడండి. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యమని ఇంట్లో గోడ మీద రాసిపెట్టండి.